తాళ్లన్నీ ఒకే గుంజకు కట్టి ఉంటే

2017 జూన్ 27న మేర్స్క్ అనే నౌకా రవాణా సంస్థ ఆఫీసుల్లో కంప్యూటర్ తెరలు వరసపెట్టి నల్లబడిపోయాయి. నాట్‌పెట్యా అనే వైరస్ నిమిషాల మీద నెట్‌వర్కంతా పాకింది. ఏ ఓడలో ఏ కంటెయినర్ ఉందో, రేవు గేటు దగ్గర ఆగిన లారీని లోపలికి వదలాలో వద్దో చెప్పే దిక్కు లేకుండా పోయింది. ఆ సంస్థ నెట్‌వర్క్ మొత్తానికి తాళంచెవి లాంటి సర్వర్లు ప్రపంచమంతటా కలిపి దాదాపు 150 ఉండేవి. ఒకటి పాడైతే మిగతావి ఆదుకుంటాయన్న ధీమాతో, ఒకదాని కాపీ ఇంకోదానిలో ఉండేలా వాటిని అమర్చారు. అన్నీ ఒక్కసారే పాడైతే ఏంటన్నది ఎవరికీ తట్టలేదు. ఆ రోజు అన్నీ ఒక్కసారే పోయాయి.

కాదు, ఒకటి మిగిలింది. ఘనాలోని ఆఫీసులో ఆ దాడికి కాస్త ముందు కరెంటు పోయింది. దాంతో అక్కడి సర్వర్ నెట్‌వర్క్ నుంచి విడిపోయి ఉంది, వైరస్ దాని దాకా రాలేదు. తీరా అందులోని సమాచారాన్ని, నెట్‌వర్క్‌ను బాగుచేసే పని జరుగుతున్న బ్రిటన్‌కు పంపుదామంటే అక్కడి ఇంటర్నెట్ వేగం చాలదు, రోజులు పట్టేలా ఉంది. మనిషిని పంపుదామంటే అక్కడి సిబ్బందిలో ఎవరికీ బ్రిటన్ వీసా లేదు. చివరికి ఒకరు హార్డ్ డిస్క్ పట్టుకుని నైజీరియా దాకా విమానంలో వెళ్లి, లండన్ వెళ్లే ఇంకో ఉద్యోగి చేతిలో పెట్టారు. ఆ డిస్క్ ఆధారంగానే నెట్‌వర్క్‌ను మళ్లీ నిలబెట్టారు. పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు కొత్తగా సిద్ధం చేయాల్సి వచ్చింది. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లు.

జాగ్రత్త తీసుకోలేదా అంటే తీసుకున్నారు. ఒకటికి 150 కాపీలు పెట్టుకున్నారు. కాకపోతే ఆ తాళ్లన్నీ ఒకే గుంజకు కట్టి ఉన్నాయి, గుంజ ఊడింది. ఘనా సర్వర్ బతికి బయటపడటానికి దాని గొప్పతనమేమీ లేదు, ఆ ఘడియకు దాని తాడు తెగి ఉంది, అంతే. ఆర్థిక సంక్షోభాలకు సిద్ధపడటం గురించి మాట్లాడేటప్పుడు ఎంత దాచాలి, ఎందులో పెట్టాలి అనే లెక్కలే ముందు వస్తుంటాయి. ఏది దేనికి కట్టి ఉంది అనేది వాటికంటే ముందు చూడాల్సిన సంగతి.

మామూలు రిస్కుకూ వ్యవస్థాగత రిస్కుకూ తేడా కూడా ఇదే. ఒక ఇంటికి నిప్పంటుకోవడం మామూలు రిస్కు. వెయ్యి ఇళ్లవాళ్లు తలా కాస్త వేసుకుంటే ఆ ఒక్క ఇల్లు మళ్లీ లేస్తుంది; ఇన్సూరెన్స్ అనే వ్యాపారం నిలబడిందే దీని మీద. వెయ్యి ఇళ్లూ ఒకే రాత్రి తగలబడితే ఆ లెక్క పనిచేయదు, ఇన్సూరెన్స్ కంపెనీ కూడా మునుగుతుంది. 2008 సెప్టెంబరులో అమెరికా కేంద్ర బ్యాంకు ఏఐజీ అనే ఇన్సూరెన్స్ దిగ్గజానికి 8,500 కోట్ల డాలర్ల అప్పు ఇవ్వాల్సి వచ్చింది అందుకే. ఇళ్ల అప్పులతో ముడిపడిన బాండ్లు అనే అప్పు పత్రాలకు ఆ కంపెనీ హామీలు అమ్ముకుంటూ పోయింది. ఒక ఊళ్లో ఇళ్ల ధరలు పడితే ఇంకో ఊళ్లో నిలబడతాయనుకున్నారు. దేశమంతా ఒకేసారి పడ్డాయి.

ఇదే సంగతి ఒక కుటుంబం స్థాయిలో ఎలా ఉంటుందో ఎన్‌రాన్ ఉద్యోగులను చూస్తే తెలుస్తుంది. అమెరికాలోని హ్యూస్టన్ కేంద్రంగా నడిచిన ఆ ఇంధన కంపెనీలో, ఉద్యోగుల రిటైర్మెంట్ ఖాతాల సొమ్ములో సగానికి పైగా అదే కంపెనీ షేర్లలో ఉండేది. కంపెనీ తన వాటాగా వేసే సొమ్మును షేర్ల రూపంలోనే ఇచ్చేది, 50 ఏళ్లు నిండేదాకా వాటిని అమ్ముకోవడానికి లేదు. 2000 ఆగస్టులో 90 డాలర్లున్న షేరు 2001 నవంబరు చివరికి ఒక డాలర్ కంటే దిగజారింది. సరిగ్గా పడిపోతున్న రోజుల్లోనే ఖాతాల నిర్వహణ వేరే సంస్థకు మారుతోందంటూ కొన్ని వారాల పాటు అమ్మకాలు ఆపేశారు. డిసెంబరు 2న కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. మర్నాడే వేలమందిని ఇంటికి పంపేశారు. జీతం, పొదుపు, పెన్షన్ మూడూ ఒకే దెబ్బకు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారే, అలా. నిజానికి ఈ గోరుచుట్టూ రోకలీ రెండూ ఒకే చోటినుంచి వచ్చాయి.

ఇంత బాహాటంగా కాకపోయినా ఇలాంటి ముడులు చాలా ఇళ్లలో ఉంటాయి. భార్యాభర్తలిద్దరూ ఒకే రంగంలో ఉద్యోగం చేస్తారు. ఆ రంగం మీదే బతికే నగరంలో అప్పు చేసి ఇల్లు కొంటారు. మిగిలిన డబ్బు అదే రంగం షేర్లలో పెడతారు, ఎందుకంటే తమకు తెలిసిన రంగం అదే కదా. కాగితం మీద చూస్తే రెండు జీతాలు, ఒక స్థిరాస్తి, కొన్ని షేర్లు, నాలుగు రకాల భరోసా. ఆ రంగానికి గడ్డు రోజులొస్తే ఒక ఉద్యోగం పోతుంది, రెండోది డోలాయమానంలో పడుతుంది, ఇల్లు అమ్ముదామంటే కొనేవాళ్లు ఉండరు, షేర్లు అప్పటికే పడి ఉంటాయి. నాలుగూ కలిపి ఒకటే లెక్క.

కొన్ని ముడులు మామూలు రోజుల్లో కంటికి కనిపించవు. అసలు చిక్కు వీటితోనే. 1998లో ఎల్‌టీసీఎం అనే పెట్టుబడి నిధి రకరకాల దేశాల్లో, రకరకాల మార్కెట్లలో వందలాది పందేలు కాసింది. దాని భాగస్వాముల్లో ఇద్దరు అంతకు ముందు ఏడాదే ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నవారు. ఆ పందేలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదని పాత గణాంకాలన్నీ చెప్పాయి. ఆగస్టులో రష్యా అప్పు తీర్చలేనని చేతులెత్తేసింది. భయపడ్డ మదుపరులు అన్ని మార్కెట్లలోనూ రిస్కున్నదల్లా అమ్మడం మొదలుపెట్టారు. సంబంధం లేని పందేలన్నీ కలిసికట్టుగా ఓడాయి. 14 సంస్థలు కలిసి 360 కోట్ల డాలర్లు పోస్తే గాని మంట ఆరలేదు.

2020 మార్చిలో బంగారానికీ ఇదే జరిగింది. కోవిడ్ భయంతో షేర్లు కుప్పకూలుతుంటే, కష్టకాలంలో ఆదుకుంటుందని పేరున్న బంగారం కూడా రెండు వారాల లోపే పది శాతానికి పైగా పడింది. కారణం తేలికే. అప్పులవాడు గుమ్మం ముందు నిలబడ్డప్పుడు మనిషి అమ్మాలనుకున్నది అమ్మడు, అమ్ముడుపోయేది అమ్ముతాడు. బంగారం అమ్ముడుపోతుంది కాబట్టి దాన్నే అమ్మారు. అదే బంగారం ఆగస్టుకల్లా ఔన్సు 2,000 డాలర్లు దాటింది. అంటే ఆగగలిగినవాళ్లను అది ఆదుకుంది, ఆగలేనివాళ్ల విషయంలో చేయిచ్చింది. 2022లో వడ్డీ రేట్లు పెరిగినప్పుడు ఇంకో నమ్మకం సడలింది. షేర్లు పడితే బాండ్లు నిలబెడతాయనేది దశాబ్దాల నాటి మాట. ఆ ఏడాది అమెరికాలో రెండూ కలిసే పడ్డాయి.

"ఆగగలిగినవాళ్లు" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఆస్తి ఎంత ఉందన్నదాని కంటే, అది చేతికి రావడానికి ఎన్నాళ్లు పడుతుంది, ఇవ్వాల్సింది ఎన్నాళ్లలో ఇవ్వాలి అనే రెండు గడువుల మధ్య ఎడమే సంక్షోభాల్లో మనుషుల్నీ సంస్థల్నీ ముంచుతుంది.

బ్యాంకు అనేదే ఆ ఎడం మీద నడిచే వ్యాపారం. డిపాజిటర్ ఎప్పుడడిగితే అప్పుడు ఇవ్వాలి. తాను ఇచ్చిన అప్పు మాత్రం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వస్తుంది. అందరూ ఒకేరోజు రానంతకాలం ఇబ్బంది లేదు. అందరూ వస్తారేమోనన్న అనుమానం వస్తే మాత్రం, ముందు వెళ్లినవాడికే డబ్బు దొరుకుతుంది కాబట్టి పరుగెత్తడమే తెలివైన పని అవుతుంది. బ్యాంకు నిజంగా బాగున్నా సరే, ఆ పరుగే దాన్ని కూల్చగలదు. డగ్లస్ డైమండ్, ఫిలిప్ డిబ్విగ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1983లో ఈ సంగతిని గణితంగా రాసి చూపించారు. 2022లో వారికి నోబెల్ వచ్చింది. ఆర్నెల్లు తిరగకుండానే కళ్లముందు ఉదాహరణ కూడా వచ్చింది.

అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు ఖాతాదారుల్లో ఎక్కువమంది స్టార్టప్ కంపెనీలవాళ్లు. వడ్డీ రేట్లు సున్నాకు దగ్గరగా ఉన్న రోజుల్లో వాళ్లకు పెట్టుబడులు వరదలా వచ్చాయి, ఆ డబ్బంతా ఈ బ్యాంకులో పడింది. బ్యాంకు దాన్ని తీసుకెళ్లి దీర్ఘకాలిక ప్రభుత్వ బాండ్లలోనూ, ఇళ్ల అప్పుల బాండ్లలోనూ పెట్టింది. వీటిలో అసలు తిరిగి రాదన్న భయం దాదాపు లేదు. అయితే రేట్లు పెరిగితే పాత బాండు ధర తగ్గుతుంది. కొత్త బాండు మీద నాలుగున్నర శాతం వస్తుంటే, ఒకటిన్నర శాతం ఇచ్చే పాతదాన్ని ఎవరైనా అదే ధరకు ఎందుకు కొంటారు? 2022లో రేట్లు జోరుగా పెరిగాయి, బాండ్ల విలువ కరిగింది. అవే రేట్ల వల్ల స్టార్టప్‌లకు కొత్త పెట్టుబడులు ఎండిపోయాయి, వాళ్లు జీతాల కోసం డిపాజిట్లు తీయసాగారు. ఒకే గాలి ఇటు ఆస్తినీ అటు ఖాతాదారునీ కలిపి కొట్టింది. 2023 మార్చి 8న బ్యాంకు బాండ్లు అమ్మి 180 కోట్ల డాలర్లు నష్టపోయామని ప్రకటించింది. 9వ తేదీ ఒక్కరోజే 4,200 కోట్ల డాలర్లు బయటికి పోయాయి. మర్నాటికి ఇంకో 10,000 కోట్ల డాలర్లు వెనక్కిమ్మన్న అభ్యర్థనలు వరసలో ఉన్నాయి. 10వ తేదీన మూతపడింది. గుమ్మం ముందు చాంతాడంత క్యూలు పెద్దగా లేవు; ఖాతాదారులందరూ ఒకే పెట్టుబడిదారుల చుట్టూ, ఒకే చాట్ గ్రూపుల్లో ఉన్నారు, ఫోన్ల మీదే పని అయిపోయింది. బ్యాంకులతో పని లేని డబ్బు అని చెప్పుకునే క్రిప్టో ప్రపంచానికీ దీని సెగ తగిలింది. ఒక్కోటి ఒక్కో డాలర్‌తో సమానమని చెప్పే యూఎస్‌డీసీ నాణెం ఆ వారాంతంలో 88 సెంట్ల దాకా పడింది. దాని వెనకున్న నిల్వల్లో 330 కోట్ల డాలర్లు ఈ బ్యాంకులోనే ఉన్నాయి మరి.

చివరికి ప్రభుత్వం అడ్డుపడి డిపాజిటర్లందరికీ పూర్తిగా ఇప్పించింది. ప్రతిసారీ అలా జరగదు. 2013 మార్చిలో సైప్రస్‌లో బ్యాంకులు దాదాపు రెండు వారాలు మూతపడ్డాయి. తెరిచాక రోజుకు 300 యూరోలకు మించి తీయనివ్వలేదు. బ్యాంక్ ఆఫ్ సైప్రస్‌లో లక్ష యూరోలకు పైబడిన సొమ్ములో 47.5 శాతాన్ని బ్యాంకు షేర్లుగా మార్చేశారు, డిపాజిటర్‌ను అడగకుండానే. 2015లో గ్రీసులో మూడు వారాలు బ్యాంకులు లేవు, ఏటీఎంలో రోజుకు 60 యూరోలు. 2001 డిసెంబరులో అర్జెంటీనాలో వారానికి 250 పెసోలు. అక్కడ చాలామంది ముందుచూపుతో డాలర్ ఖాతాల్లో దాచుకున్నారు. ప్రభుత్వం ఆ డాలర్లను ఒక్కోటి 1.40 పెసోల చొప్పున మార్చేసింది. కొన్ని నెలలకే బజారులో డాలర్ నాలుగు పెసోలకు దగ్గరైంది. లెబనాన్‌లో 2019 నుంచి ఖాతాలో డాలర్ల అంకె కనిపిస్తూనే ఉంది, డాలర్లు మాత్రం అడిగినంత ఇవ్వరు. అలాంటి ఉత్తుత్తి డాలర్‌కు అక్కడి జనం "లొల్లార్" అని పేరు కూడా పెట్టుకున్నారు.

ఈ ఘటనలన్నిటిలోనూ ఒక పోలిక ఉంది. చాలావరకు సెలవు రోజుల్లో, రాత్రికి రాత్రి జరిగాయి. అప్పటికే చేతిలో ఉన్నదే ఉన్నట్టు. కాబట్టి కొన్ని వారాల ఇంటి ఖర్చుకు సరిపడా నగదు ఇంట్లో ఉండటం, అదీ చిన్న నోట్లలో, చాదస్తమేమీ కాదు. రెండు వేర్వేరు బ్యాంకుల్లో ఖాతాలుండటం, ఏ ఒక్క బ్యాంకులోనూ డిపాజిట్ బీమా పరిమితి దాటకుండా చూసుకోవడం పైసా ఖర్చులేని పనులు. ఆ రెండు బ్యాంకులూ పైకి వేర్వేరు పేర్లతో ఉండి లోపల ఒకే గ్రూపువి అయితే ఆ జాగ్రత్త ఉత్తదే అవుతుంది. బీమా పరిమితి చాలా దేశాల్లో ఖాతాకు కాదు, ఒక బ్యాంకులో ఒక మనిషికి. ఒకే బ్యాంకులో నాలుగు బ్రాంచీల్లో నాలుగు ఖాతాలు తెరిచి నిశ్చింతగా ఉండేవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే.

నగదు అనగానే ఇంకో వాదన లేస్తుంది, అది న్యాయమైనదే. 1923 నవంబరుకు జర్మనీలో ఒక డాలర్‌కు 4.2 లక్షల కోట్ల మార్కులు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు అదే డాలర్‌కు 4.2 మార్కులు. పొదుపు చేసిన మధ్యతరగతి బుగ్గయింది. అప్పు చేసి పొలమో ఇల్లో కొన్నవాడు ఆ అప్పును చిల్లర పైసలతో తీర్చేశాడు. అంటే బ్యాంకు మూతపడే ఆపదకు మందు నగదు, డబ్బు విలువ పోయే ఆపదలో అదే నగదు విషం. బంగారం, భూమి, షేర్లు రెండోదానికి పనికొస్తాయి, మొదటిదానికి అక్కరకు రావు. అన్ని రోగాలకూ ఒకటే మందు అని చెప్పేవాళ్లు సాధారణంగా ఆ మందు అమ్మేవాళ్లే అయి ఉంటారు. రేపో మాపో ప్రపంచం మునిగిపోతుందని వీడియోల్లో చెప్పేవారి వీడియో కింద ఏ లింకు ఉందో చూస్తే చాలు. వారాల అవసరానికి నగదు, నెలల అవసరానికి తేలిగ్గా తీసుకోగల డిపాజిట్లు, ఏళ్ల అవసరానికి ధరలతో పాటు పెరిగే ఆస్తులు. ఏ గడువుకు ఏ ఆస్తి అన్నది కుదిరితే, ఏది గొప్పదన్న వాదన చాలావరకు అనవసరం.

అప్పు విషయం దీనికి పూర్తిగా విరుద్ధం. ఆస్తి ఆగే వ్యవధి ఇస్తే, అప్పు దాన్ని లాక్కుంటుంది. 2000 తర్వాత తూర్పు యూరప్‌లో లక్షల కుటుంబాలు స్విస్ ఫ్రాంకుల్లో ఇంటి లోన్లు తీసుకున్నాయి. సొంత కరెన్సీలో కంటే వడ్డీ బాగా తక్కువ. జీతం మాత్రం సొంత కరెన్సీలోనే వస్తుంది. 2015 జనవరి 15 ఉదయం స్విస్ కేంద్ర బ్యాంకు, యూరోతో తమ ఫ్రాంకుకు పెట్టిన పరిమితిని ఏ హెచ్చరికా లేకుండా ఎత్తేసింది. నిమిషాల్లో ఫ్రాంకు ఎగిసింది. ఉద్యోగం పోలేదు, ఇల్లు కూలలేదు, వాయిదా ఒక్కటీ తప్పలేదు, అయినా పోలండ్‌లో ఆ సాయంత్రానికి చాలామంది అప్పు ఇంటి విలువను దాటిపోయింది. పక్కన హంగరీ మాత్రం రెండు నెలల ముందే అలాంటి ఇంటి అప్పులను తమ కరెన్సీలోకి మార్చే ఏర్పాటు ఖరారు చేసి రేటు కట్టేసుకుంది. అంతకు ముందు ఏళ్లలో ఫ్రాంకు దెబ్బలు బాగా తిన్నాకే వాళ్లకు ఆ జ్ఞానం వచ్చిందనుకోండి. ఏ కరెన్సీలో సంపాదన వస్తుందో ఆ కరెన్సీలోనే అప్పు, వీలైతే మారని వడ్డీతో: తక్కువ వడ్డీ ఆశ చూపి ఈ నియమాన్ని తప్పించే ప్రతి పథకమూ ఏదో ఒక రిస్కును ఆ తగ్గింపు కింద దాచిపెట్టినట్టే.

పెద్ద సంస్థలూ ఇందుకు అతీతం కావు. 2022 సెప్టెంబరులో బ్రిటన్‌లో ప్రభుత్వ బాండ్ల ధరలు జారగానే, వాటి మీదే అప్పు తెచ్చి లావాదేవీలు నడుపుతున్న పెన్షన్ నిధులకు అదనంగా పూచీ కట్టమని తాఖీదులొచ్చాయి. కట్టడానికి డబ్బు కోసం అవే బాండ్లు అమ్మారు. అమ్మితే ధర ఇంకా పడింది, పడితే ఇంకా కట్టాలన్నారు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగి కొంటానంటే గాని ఆ సుడి ఆగలేదు. ముప్పై నలభై ఏళ్ల తర్వాతి చెల్లింపుల కోసం పుట్టిన నిధులు నాలుగు రోజుల గడువు దగ్గర ఊపిరాడక కొట్టుకున్నాయి.

డబ్బు బయట కూడా కథ ఇదే. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రాన్ని మంచు కప్పేసింది. కరెంటు ప్లాంట్లకు గ్యాస్ కావాలి. ఆ గ్యాస్‌ను బావుల నుంచి తోడి పైపుల్లో నెట్టే యంత్రాల్లో చాలావాటికి కరెంటు కావాలి. గ్రిడ్‌ను కాపాడటానికి కోతలు పెడితే కొన్ని గ్యాస్ కేంద్రాలకూ కరెంటు పోయింది, గ్యాస్ తగ్గి ఇంకొన్ని ప్లాంట్లు ఆగాయి. కొన్ని కేంద్రాలు తమకు కోత పెట్టకూడదని చెప్పే ఫారం నింపి ఉండలేదు, అంతటి చిన్న లోపం. గ్రిడ్ మొత్తం కుప్పకూలడానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరంలో ఆగింది. కూలి ఉంటే తిరిగి నిలబెట్టడానికి వారాలు పట్టేది.

ఇలాంటివాటికి విరుగుడు ఖాళీ జాగా. అంటే అవసరానికి మించి కొంచెం నిల్వ, కొంచెం సమయం, కొంచెం మనుషులు. జపాన్‌లో 2011 భూకంపం తర్వాత కార్ల కంపెనీ టయోటా తన సరఫరాదారులను రెండు నుంచి ఆరు నెలలకు సరిపడా చిప్‌లు దగ్గర పెట్టుకోమంది. ఏ సరుకూ గోదాములో మూలగకూడదన్న పద్ధతిని ప్రపంచానికి నేర్పిన కంపెనీయే ఆ మాట అంది. పదేళ్ల పాటు అది దండగ ఖర్చులాగే ఉంది. 2021 మొదట్లో చిప్‌ల కరువొచ్చి మిగతా కార్ల కంపెనీలు లైన్లు ఆపుతుంటే టయోటా నడిపింది. అయితే కరువు సాగేకొద్దీ దాని నిల్వలూ తరిగాయి, ఆ సెప్టెంబరుకు అది కూడా ఉత్పత్తిని 40 శాతం తగ్గించింది. నిల్వ వల్ల ఆపద తప్పలేదు, కొన్ని నెలలు చేతికొచ్చాయి. నిల్వ నుంచి అంతకు మించి ఆశించకూడదు కూడా. ఇంట్లో రోజూ వేసుకునే మందులు ఒక నెల అదనంగా ఉంచుకోవడం, తాగునీరు, చార్జ్ చేసిన బ్యాటరీ ఈ కోవలోవే. మామూలు రోజుల్లో కొంటే అది నిల్వ. అందరూ ఎగబడుతున్న రోజు కొంటే అదే కొరత.

ఇంతకీ తర్వాతి సంక్షోభం ఎటునుంచి వస్తుంది? ఈ ప్రశ్న మీద టీవీ చర్చలు గంటలు గంటలు నడుస్తాయి, టెన్షన్ తప్ప మిగిలేది తక్కువ. ఫ్రాంక్ నైట్ అనే ఆర్థికవేత్త 1921లోనే ఒక గీత గీశాడు: పాచిక వేస్తే ఆరు పడే అవకాశం ఎంతో లెక్కకట్టవచ్చు, అది రిస్కు. ఎన్ని ముఖాలున్నాయో తెలియని పాచికకు లెక్క ఉండదు, అది అనిశ్చితి. సంక్షోభాల కారణాలు ఈ రెండో కోవకు చెందుతాయి. ఫలితాలు మాత్రం చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్నే. ఆరు నెలలు ఆదాయం రాదు. రెండు వారాలు ఖాతా అందదు. ఏడాదిలో ధరలు రెట్టింపవుతాయి. మూడు రోజులు కరెంటు ఉండదు. ఇంటి లెక్కలన్నీ తెలిసిన ఒక్క మనిషి ఆస్పత్రి పాలవుతాడు. యుద్ధం వచ్చినా మహమ్మారి వచ్చినా బ్యాంకు కూలినా ఇంటి గుమ్మం దాకా వచ్చేది ఈ నాలుగైదు రూపాల్లోనే. ఒక్కోదాన్ని తీసుకుని ఆ రోజు ఏం చేస్తామని ఇంట్లోవాళ్లు అరగంట మాట్లాడుకుంటే, ఏడాది పాటు చూసిన చర్చల కంటే అది ఎక్కువ పని చేస్తుంది. చివరిదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ, చాలా ఇళ్లలో అన్నిటికంటే బలహీనమైన ముడి అదే.

ఇదంతా కాస్తో కూస్తో మిగులు ఉన్నవాళ్ల సంగతి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలనడం తేలికే. ఏ రోజు సంపాదన ఆ రోజుకే సరిపోయేవారికి చక్కబెట్టుకునే వెసులుబాటు ఎక్కడిది? వారికి ఆరు నెలల ఖర్చు దాచుకోమని సలహా చెప్పడం ఎగతాళి చేసినట్టుంటుంది. ఇక్కడ పని ప్రభుత్వాలది. అమెరికాలో 1933లో దాదాపు 4,000 బ్యాంకులు ఆగిపోయాయి. 1934 జనవరి 1న డిపాజిట్ బీమా మొదలైంది, ఆ ఏడాది బీమా ఉన్న బ్యాంకుల్లో మూతపడినవి తొమ్మిది. పరుగెత్తాల్సిన పని లేదని తెలియడమే పరుగును ఆపింది. ఏ ఒక్క ఇంటి జాగ్రత్తా ఇంత పని చేయలేదు. అలాగని రక్షణ పెరిగేకొద్దీ నిర్లక్ష్యమూ పెరుగుతుంది. ప్రశాంతంగా గడిచిన కాలమే మనుషుల చేత ఎక్కువ అప్పులు చేయించి తర్వాతి సంక్షోభానికి విత్తనం వేస్తుందని హైమన్ మిన్‌స్కీ అనే ఆర్థికవేత్త ఎప్పుడో చెప్పాడు. 2008 తర్వాత వచ్చిన బాసెల్ అనే అంతర్జాతీయ బ్యాంకింగ్ నిబంధనలు అందుకే బ్యాంకులను 30 రోజుల గడ్డుకాలానికి సరిపడా, తేలిగ్గా అమ్ముడుపోయే ఆస్తులు ఎప్పుడూ దగ్గర ఉంచుకోమన్నాయి. బ్యాంకుకే ముప్పై రోజులు చాలని ఒప్పుకున్నప్పుడు, ఇంటికి మొదటి లక్ష్యంగా అదేం తక్కువ కాదు. ఆరు నెలల నుంచి మొదలుపెట్టబోయి ఏమీ మొదలుపెట్టకుండా ఉండటం కంటే ఎంతో మేలు.

ముడులు చూసుకోవడానికి ఒక తెల్ల కాగితం చాలు. ఒక పక్క ఇంటికి ఆధారమైనవన్నీ రాయాలి: జీతాలు, ఖాతాలు, ఇల్లు, బీమాలు, కష్టంలో అడగగలిగే ఇద్దరు ముగ్గురు మనుషులు, కాగితాలు. రెండో పక్క అవి దేనిమీద నిలబడ్డాయో రాయాలి: ఏ కంపెనీ, ఏ బ్యాంకు, ఏ కరెన్సీ, ఏ ఊరు, ఎవరి సంతకం, ఏ పాస్‌వర్డ్. తర్వాత గీతలు కలపాలి. ఎక్కువ గీతలు వచ్చి చేరిన చోటు నుంచి ఒకటో రెండో విప్పడం మొదలుపెట్టవచ్చు. ఇది గీసి చూస్తే ఈ రోజుల్లో చాలామందికి ఉద్యోగం దగ్గరో బ్యాంకు దగ్గరో కంటే ఎక్కువ గీతలు కలిసే చోటు ఇంకొకటి తేలుతుంది, ఫోన్. రెండు బ్యాంకుల యాప్‌లూ అందులోనే, ఓటీపీలు వచ్చే సిమ్ అందులోనే, బీమా పాలసీల ఫొటోలు, అందరి నంబర్లు అందులోనే. ఒక్క మనిషి నంబరైనా నోటికి రాదు. ఫోన్ పోతే ఖాతా తెరవడానికి పనికొస్తాయని కంపెనీలు ఇచ్చే రికవరీ కోడ్‌లను కూడా స్క్రీన్‌షాట్ తీసి భద్రంగా దాచి ఉంటారు, అదే ఫోన్‌లో.